కనిపించేది, అనిపించేది

చెప్పులు విప్పలేదు కదా ఈవిడ, అనుకుంది కునుకమ్మ, బొమ్మని ముక్కు దగ్గరికి తెచ్చుకుని, జబ్బు మనిషి మంచం పక్కన కూర్చుని చెప్పులు విప్పకపోవడమేమిటి, మడమ వెనక పట్టీ కూడా బిగించే ఉంది, అంటే మరిచిపోయి కాదు, కావాలనే, లేచి వెళ్ళిపోవడానికే, కానీ బొమ్మ కింద మాత్రం సేవ అని అచ్చేశారు, మంచం మీద ముసలావిడ, స్టూలు మీద పడుచావిడ, కిటికీలోంచి కాస్త ఎండ, ఇంకేం కావాలి, క్లాసులో నలభై ఇద్దరూ ప్రేమ, త్యాగం, కరుణ అని రాసేసుకుంటున్నారు, కలాలు ఎలా పరిగెడుతున్నాయో చూడు, ఎవరో తరుముతున్నట్టు, తనకేమో కళ్ళు మూతలు పడుతున్నాయి, కింది రెప్పకీ పై రెప్పకీ ఇంత స్నేహం ఎప్పుడు కుదిరిందో తెలియదు గానీ రోజూ ఈ పీరియడ్‌కి ఒకదాన్నొకటి వదలనంటాయి, కునుకమ్మ అని ఊరికే పేరు పెట్టారా వెనక బెంచీ వాళ్ళు, లెక్కల క్లాసులో తూగి తూగి బల్లకి నుదురు కొట్టుకున్న రోజున పెట్టిన పేరు, పదో తరగతి హాజరు పట్టీలో ఉన్న అసలు పేరుని ఇప్పుడు టీచర్లు తప్ప ఎవరూ పిలవడం లేదు, వాళ్ళు పిలిచినా తనే ఉలికిపడుతోంది, ఎవరినో అనుకుని.

కాగితం మధ్యలో నిలువుగా గీత, ఎడమ పక్క కనిపించేది, కుడి పక్క అనిపించేది, ఇది డ్రాయింగ్ మేడమ్ పద్ధతి, బొమ్మ ఏదైనా పద్ధతి ఇదే, చూడండమ్మా, ఎడమ పక్క లేనిది కుడి పక్కకి రావడానికి వీల్లేదు, గాల్లోంచి త్యాగాలు పట్టుకురాకండి, ముందు కళ్ళతో పని చేయించండి, ఆ తర్వాతే మనసుతో, అని ఏడాదిగా చెప్పి చెప్పి ఆవిడ గొంతు అరిగిపోయింది, అయినా త్యాగాలు వస్తూనే ఉన్నాయి, పీరియడ్ అయ్యేలోపు ఒక్కొక్కరే లేచి కుడి పక్కది ఒక్క వాక్యం పైకి చదవాలి, బాగున్నవి శనివారం హాల్లో అతికిస్తారు, శనివారం అమ్మానాన్నలు వస్తారు, నాన్న లారీ మీద ఎక్కడుంటాడో ఏమో గానీ అమ్మ వస్తుంది, కుట్టు ఫ్యాక్టరీలో పూట సెలవు అడిగి మరీ వస్తానంది, కళ్ళజోడు సర్దుకుని గోడ దగ్గర నిలబడి కూతురు రాసింది ప్రతి అక్షరం చదువుతుంది, అందుకే భయం, ఎడమ పక్క అయితే పదిహేడు రాసింది, స్టూలు అంచున కూర్చోవడం, గ్లాసులో నీళ్ళు సగానికి ఉండడం, కాళ్ళ దగ్గర మడత విప్పని దుప్పటి, కిటికీ రెక్క ఒకటే తెరవడం, మోచేయి మోకాలి మీద, గడ్డం అరచేతిలో, చెప్పులు, కుడి పక్క మాత్రం తెల్లగా ఉంది, ఏం రాస్తుంది, అనిపించింది రాస్తే కొంప మునుగుతుంది.

ఏమే, ఇంకా ఖాళీయేనా, అంది పక్కన కూర్చున్న పిల్ల, ఆ పిల్లని అందరూ నిఘంటువు అంటారు, కరుణ అని పడెయ్యవే, కరుణకి ఎప్పుడూ మార్కులు పడతాయి, అని కళ్ళెగరేసి మళ్ళీ తన కాగితంలోకి దూరిపోయింది, కరుణేనా, అంచున కూర్చున్న మనిషికి, చెప్పులు వేసుకున్న మనిషికి, ఆవిడ ఎదురుచూస్తోంది, అది పక్కాగా తెలుస్తోంది, ఆ భుజాలు తెలుసు తనకి, ఆ భుజాలు తనవే, అలాంటి మంచం పక్కన కూర్చుని దేనికోసం ఎదురుచూస్తారు, దేనికోసమో పొద్దున ఏడూ నలభైకి తనకి తెలిసింది, అన్నీ అయిపోయాయనుకుని, తుడవడం, పొడి బట్ట వేయడం, మంచం పట్టిన నాయనమ్మని పక్కకి తిప్పడం, వీపుకి దిండు ఆనించడం, అన్నీ చేసి బ్యాగు తగిలించుకుని బూట్లు కట్టుకున్నాక చూస్తే దుప్పటి మళ్ళీ తడిసిపోయి ఉంది, అంతా మొదటినుంచి, అప్పుడు బూట్లతోనే స్టూలు మీద చతికిలబడి అనుకుంది, ఇక చాలు, ఇది ఇవాళ్టితో అయిపోతే బాగుండు, అని స్పష్టంగా, మాటల్లో, ఎవరో పక్కన కూర్చుని చెప్పినట్టు, అనుకున్న మరుక్షణం గబగబా లేచి దుప్పటి మార్చి, మరీ ఎక్కువ శ్రద్ధగా అంచులు లాగి, తప్పు చేసిన పనిమనిషిలా, పరిగెత్తుకుంటూ బడికి వచ్చేసింది, వచ్చిందే గానీ ఆ మాట కూడా వెంట వచ్చేసింది.

తను చెడ్డదా, అదీ తేలాల్సింది, మార్కులు కాదు, ఎనిమిది నెలలుగా ఒళ్ళు హూనం చేసుకుంటున్నది ఈ మాట అనుకోవడానికేనా, ఎంత బుద్ధిమంతురాలో అని పక్కింటి పిన్ని అందరికీ చెబుతుంది, మధ్యాహ్నం పూట ఆవిడే వచ్చి నాయనమ్మని చూసి వెళ్తుంది, ఆ పిల్ల వయసుకి అంత సేవ ఎవరు చేస్తారండీ అంటుంది, సేవ, ఇదిగో బొమ్మ కింద రాసినట్టు, బొమ్మలో ఆవిడని చూసి కూడా పిన్ని అదే అనేది, చెప్పులు చూడదు, ఎవరూ చూడరు, తను చూసింది, చూసిన పాపానికి ఇప్పుడు, స్టూలు మీదావిడ ముసలావిడ పోవాలని ఎదురుచూస్తోంది అని లేచి నలభై ఇద్దరి ముందు చదవాలా, అమ్మ కళ్ళజోడు సర్దుకుని చదవాలా, అమ్మకి తెలిసిపోతుంది, అమ్మకి బొమ్మల గురించి ఏమీ తెలియదు గానీ తన గురించి అన్నీ తెలుసు.

ఎడమ పక్క సంత పెట్టి కుడి పక్క దుకాణం మూసేశావేమ్మా, అంటూ మేడమ్ వచ్చి భుజం మీదుగా వంగింది, సుద్ద వాసన, చదువుతూ చదువుతూ ఆగింది, చెప్పులు బాగా పట్టావే, ఈ సంగతి ఇన్నేళ్ళలో ఒక్కరూ రాయలేదు నాకు, అంది, మామూలు రోజైతే ఆ మాటకి నిద్ర వదిలిపోయేది, తర్వాత వేలితో పై నుంచి కిందికి లెక్కపెట్టి, పదిహేడు, అన్నీ ఈవిడవీ, ఈవిడ చుట్టూ ఉన్నవీనూ, బొమ్మలో మనుషులెంతమందమ్మా, అని అడిగి జవాబు కోసం ఆగకుండా ముందు బెంచీకి వెళ్ళిపోయింది.

ఇద్దరు, అనుకుంది కునుకమ్మ, ఇద్దరే కదా, మళ్ళీ చదువుకుంది, స్టూలు, గ్లాసు, దుప్పటి, కిటికీ, నిజమే, ముసలావిడ గురించి ఒక్క ముక్క లేదు, దుప్పటి ఉంది, ఆ దుప్పటి కప్పుకోవాల్సిన మనిషి లేదు, సిగ్గేసింది, బొమ్మని వెలుతురులోకి తిప్పి దిండు వైపు చూసింది, బియ్యపు గింజంత కళ్ళు, రెండే రెండు రంగు చుక్కలు, మూసి ఉన్నాయనుకుంది ఇంతసేపూ, మూసి లేవు, తెరిచే ఉన్నాయి, స్టూలు మీద ఆవిడనే చూస్తున్నాయి, చెప్పులు కూడా చూసే ఉంటాయి, నోరు కొంచెం బిగించి ఉంది, కోపం కాదు, నొప్పీ కాదు, బస్సు ఎంతకీ రాకపోతే పెద్దవాళ్ళు పెట్టే ముఖం, ముసలావిడ కూడా ఎదురుచూస్తోంది, ఆవిడకీ విసుగ్గానే ఉంది, ఇద్దరికీ ఒకటే అలసట, ఒకరు కూర్చుని, ఒకరు పడుకుని, అంతే తేడా, మరి నాయనమ్మ, పొద్దున తను ఆ మాట అనుకున్నప్పుడు నాయనమ్మ ముఖం ఎలా ఉంది, ఎలా ఉంది, గుర్తు చేసుకోబోయింది, తుంటి మీద ఎర్రగా కందిన చోటు గుర్తొచ్చింది, పిక్కలు గుర్తొచ్చాయి, వీపు మీద పుట్టుమచ్చలు మూడు, అవీ వచ్చాయి, ముఖం రాలేదు, నిన్నటిది రాలేదు, మొన్నటిదీ రాలేదు, పక్షవాతం రాకముందు దువ్వెన పట్టుకుని, జుట్టు పిచ్చుక గూడులా ఉంది, ఇలా రావే దొంగముఖమా, అని తిట్టిన ముఖం వచ్చింది గానీ అది వేరే ముఖం.

గోడ వైపు తిప్పి పడుకోబెట్టింది కదా, ముఖం ఎలా కనిపిస్తుంది, మొదటి వారం ఇంటికొచ్చిన నర్సు చేసి చూపించింది, మనవైపుకి తిప్పుకోవాలమ్మా, అవతలికి తోయకూడదు, నొప్పి ముందు ముఖంలోనే తెలుస్తుంది, అని, కొన్నాళ్ళు అలాగే తిప్పింది తను కూడా, అప్పుడు నాయనమ్మ మాట రాని నోటితో, తెరిచిన కళ్ళతో తననే చూస్తూ ఉండేది, తను చెంచా కడుగుతున్నా చూసేది, జడ వేసుకుంటున్నా చూసేది, ఆ చూపుకి ఏం జవాబివ్వాలో తెలియక, ఎప్పుడు మొదలుపెట్టిందో తెలియదు గానీ తన వంతు వచ్చినప్పుడల్లా గోడ వైపుకి తోయడం మొదలుపెట్టింది, చేతులకి అదే సులువు అని చెప్పుకుంది, చేతులకి కాదు, ఇప్పుడు తెలుస్తోంది, బరువుగా ఉన్నది మనిషి కాదు, ఆ చూపు, అందుకే పొద్దున పోవాలనుకున్నది నాయనమ్మ కాదు, ఒక వీపు, ఒక తడి దుప్పటి, ఏడూ నలభై, మనిషిని చూసి ఉంటే ఆ మాట వచ్చేదో లేదో ఏమో, వచ్చినా వచ్చేదేమో, అలసట అబద్ధం కాదు కదా, ఈ బొమ్మలో ఆవిడకీ వచ్చే ఉంటుంది, కానీ ఆవిడ చెప్పులతోనే కూర్చున్నా ముఖం ఉన్న వైపే స్టూలు వేసుకుంది.

ముందు బెంచీ లేచింది, కరుణ, ఆ వెనక త్యాగం, మళ్ళీ కరుణ, నిఘంటువు లేచి అపారమైన కరుణ అని చదివి కూర్చుంది, తన పేరు పిలిచారు, అసలు పేరు, ఈసారి ఉలికిపడలేదు, నిలబడి, అప్పటికప్పుడు కుడి పక్క రాసుకున్నది చదివింది, ఇద్దరూ అలిసిపోయారు, కూర్చున్నావిడకి వెళ్ళిపోవాలని ఉంది, అది పడుకున్నావిడకి తెలుసు, అయినా ఒకరికొకరు కనిపిస్తున్నారు, అని, మేడమ్ ఏదో అంది, ఎవరో వెనక్కి తిరిగి చూశారు, అవేవీ తలకెక్కలేదు, శనివారం గోడకి అతికిస్తే అతికించుకోనీ, అమ్మ చదివితే చదవనీ, కూర్చుంటూ ఆమె అనుకున్నది ఒక్కటే, ఇంతసేపూ నాయనమ్మ ముఖం చూసే ఓపిక తనకి లేకపోయిందనే అనుకుంది, తన సంగతే అనుకుంది, కానీ మాట పోయి, చెయ్యి పోయి, చూడడమొక్కటే మిగిలిన మనిషిని తీసుకెళ్ళి గోడకి ఎదురుగా పెట్టింది తనే.