ఉయ్యాల పండుగ ఫోటోల మధ్య ఒక కాగితం

మనవడి ఉయ్యాల పండుగ ఫోటోలు పెద్ద తెర మీద చూడాలని హుర్మతోయ్‌ది పొద్దుటి నుంచీ ఒకటే గోల. కూతురు మోహిరా సరేనని వదిన ఫోన్‌ని కంప్యూటర్‌కి తగిలించింది. అది చూసి కోడలు జుల్ఫిజార్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి.

పండుగ ఫోటోల మధ్య ఎక్కడో మార్గిలాన్ నర్సింగు కాలేజీ వాళ్లిచ్చిన సీటు కాగితం ఫోటో ఉంది. చదువు మాట ఎత్తొద్దని మొగుడు షేరలి పెళ్లినాడే చెప్పాడు. ఈమె చెప్పకుండా పరీక్ష రాసింది, సీటు తెచ్చుకుంది, ఆపైన భయపడి అసలు కాగితాన్ని రొట్టెల తందూరులో పడేసింది. చేసేదాకా ఏం చేస్తోందో తనకే తెలియలేదు పాపం. మిగిలింది ఆ ఫోటో ఒక్కటే. సోమవారం అది చూపించకపోతే సీటు పోతుంది.

“నేను సర్దుతాలే మోహిరా, నువ్వెళ్లి టీ పెట్టు.”

“అబ్బో, ఈ ఇంటి కోడలివి నువ్వా నేనా వదినా?”

ఫోటోలు ఫోన్‌లోంచి కంప్యూటర్లోకి మారుతున్నాయి. పిల్లాడివి ఒక ఫోల్డర్లో, చుట్టాలవి ఇంకో ఫోల్డర్లో పడేస్తోంది మోహిరా.

“మీ మేనత్తని చూడవే, పలావు పళ్లెం ఎవరో లాక్కుపోతారన్నట్టు కూర్చుంది,” అని హుర్మతోయ్ వెక్కిరించింది. జుల్ఫిజార్‌కి నవ్వు రాలేదు.

అంతలో కాగితం తెర నిండా వచ్చింది.

“ఇదేంటే?” అంది హుర్మతోయ్. ఆమెకి రష్యావాళ్లు ఏలిన కాలంలో బడిలో నేర్పిన అక్షరాలే వచ్చు, తర్వాత మార్చిన ఈ కొత్తవి రావు.

మోహిరా చదివింది. వదిన మొహం చూసింది. “పిల్లాడి టీకాల కాగితమమ్మా.”

“అయితే ఉంచు. మీ అన్నయ్య చూసి ఎప్పుడేది వేయించాలో చెప్తాడు.”

వాకిట్లో కారు ఆగింది. షేరలి బూట్లు విప్పుతున్న చప్పుడైంది. మోహిరా చేయి గబుక్కున కేబుల్ మీదికి వెళ్లింది. ఇలాగే మధ్యలో లాగబట్టే పెళ్లి ఫోటోలు సగం పాడయ్యాయి. ఇదీ పోతే?

జుల్ఫిజార్ ఆడపడుచు చేయి గట్టిగా పట్టుకుంది. “తీయకు.”

షేరలి లోపలికొచ్చాడు. “ఏంటది?”

“పిల్లాడి టీకాలదటరా,” అంది తల్లి.

“కాదండీ,” అంది జుల్ఫిజార్. “నాది. నర్సు చదువుకి సీటొచ్చింది. చెప్పడానికి భయమేసింది. ఇప్పుడూ భయంగానే ఉంది.”

షేరలి తెర దగ్గరికి వంగి, పెదాలు కదుపుతూ చదువుకుంటున్నాడు.

“ఆ గొణుగుడేంట్రా,” అంది హుర్మతోయ్, కోడలి మొహమే చూస్తూ. “పైకి చదువు. నాకూ వినపడాలి.”