రెండు గంటల నియమం

ప్రొఫెసర్ పదవికి నాలుగు వందల సైటేషన్లు ఉండాలన్నారు. ఎవరైనా తమ పరిశోధనా వ్యాసంలో నా వ్యాసాన్ని ఆధారంగా చూపిస్తే అదొక సైటేషన్. ఎమర్జెన్సీ వార్డులో ఇరవై రెండేళ్లుగా ఎన్ని ప్రాణాలు నిలబెట్టావని అడిగే నాథుడు లేడు గానీ, నన్ను ఎంతమంది ఉదహరించారో మాత్రం అందరికీ కావాలి. నా లెక్క నాలుగు వందల ఆరు. ఇప్పటికే రెండుసార్లు పదవి చేతిదాకా వచ్చి జారిపోయింది. నా వయసుకి ఇదే ఆఖరి ఇంటర్వ్యూ.

ఆ నాలుగు వందల ఆరులో రెండు వందల అరవై సైటేషన్లు ఒకే వ్యాసానివి. ఛాతీ నొప్పితో వచ్చినవాళ్లకి, వచ్చిన రెండు గంటలకి ఈసీజీ, రక్తపరీక్ష బాగుంటే నిశ్చింతగా ఇంటికి పంపేయొచ్చని ఎనిమిదేళ్ల కిందట మా వార్డు రిజిస్టర్లలో మూడేళ్ల వివరాలు తవ్వి తేల్చాను. మంచాలు చాలని ఆసుపత్రులు దాన్ని కళ్లకద్దుకున్నాయి. దానికి రెండు గంటల నియమం అని పేరు కూడా పెట్టేశారు. నేనూ పైకి మొహమాటపడ్డానే గానీ లోపల పొంగిపోయాను.

ఇంటర్వ్యూ ఇంకా పన్నెండు రోజులుందనగా, ఒక సోమవారం పొద్దున మా బావమరిది ఛాతీ పట్టుకుని వచ్చాడు. నా పేరు చెప్పుకుని లోపలికి రావడం నామోషీ అనుకుని తొమ్మిదింటి నుంచి బయట బెంచీ మీదే కూర్చున్నాడు మహానుభావుడు. నా కంటపడేసరికి పది దాటింది. నాలుగు చీవాట్లు పెట్టి మంచం ఎక్కించాను. హెడ్ సిస్టర్ రిజిస్టర్లో వచ్చిన సమయం పదీ పది అని రాసింది. తొమ్మిదికే వచ్చాడు కదమ్మా అన్నాను.

"మంచం దొరికిందాకా వచ్చినట్టు కాదు సార్. వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీయలేదంటే తనిఖీవాళ్లు మెమో ఇస్తారు. మొదట్నుంచీ ఇలాగే రాస్తున్నాం," అంది, ఇది కూడా తెలియదా అన్నట్టు.

నా పైప్రాణాలు పైనే పోయాయి. మూడేళ్ల రిజిస్టర్లలో ఉన్నవన్నీ ఆ సమయాలే. బెంచీ మీద గంట, గంటన్నర కూర్చున్నవాళ్లని కూడా అప్పుడే వచ్చినట్టు లెక్కేశాను. నా రెండు గంటలు నిజానికి మూడు, మూడున్నర. అది తెలియక నిజంగానే రెండు గంటలకి ఇళ్లకి పంపేస్తున్న వార్డులు ఎన్నున్నాయో. రోజూ ఆ బెంచీ పక్కనుంచే నడిచాను. ఒక్కరోజైనా సిస్టర్ని అడిగితే నా సొమ్మేం పోయేది?

పత్రికకి రాసి వ్యాసాన్ని వెనక్కి తీసుకోవాలి. తీసుకుంటే మిగిలేవి నూట నలభై ఆరు. ఎనిమిదేళ్లుగా ఉన్న తప్పు ఇంకో పన్నెండు రోజులు ఆగలేదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. తిండి సహించలేదు. పొద్దున లేవగానే లెక్క చూసుకునేవాణ్ణి. నాలుగు వందల ఏడు. నాలుగు వందల తొమ్మిది. పెరిగినప్పుడల్లా సంతోషం వేసేది, ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం పుట్టేది.

ఇంటర్వ్యూ ముందురోజు, శుక్రవారం సాయంత్రం, మా ఆవిడ నా చొక్కా ఇస్త్రీ చేస్తుంటే ఉండబట్టలేక అంతా చెప్పేశాను. ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టింది.

"రెండు గంటలకే మా తమ్ముడికి అన్నీ బాగున్నాయన్నారు కదా. మరి సాయంత్రం దాకా ఎందుకు ఉంచారు?" అంది.

అప్పటికప్పుడు కూర్చుని పత్రికకి ఉత్తరం రాశాను. నా వ్యాసాన్ని వాడుకున్న ప్రతి ఒక్కరికీ విడివిడిగా మెయిల్ పంపాను. మర్నాడు ఇంటర్వ్యూలో ఆ ఉత్తరం నకలు నేనే బల్ల మీద పెట్టాను. నా నిజాయితీని మెచ్చుకుని పదవి ఇంకొకాయనకి ఇచ్చారు. ఇంటికొచ్చి చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను. ఏదో ఘనకార్యం చేసినట్టు కాస్త గర్వంగా కూడా అనిపించింది, దాచడం ఎందుకు.

సోమవారం ఒక చిన్న ఆసుపత్రి నుంచి ఎవరో డాక్టరమ్మ జవాబు వచ్చింది.

"మీ మెయిల్ చూడగానే ఆ పద్ధతి ఆపేశాం. మొన్న బుధవారం ఒక బస్సు డ్రైవరుని రెండు గంటలకి ఇంటికి పంపాను. నలభై ఒక్కేళ్లు. ఇల్లు చేరిన అరగంటకి పోయాడు. ఆయన భార్య రేపు నా దగ్గరికి వస్తోంది. ఈ తప్పు మీకు ఏ రోజు తెలిసిందో చెప్పగలరా? ఆవిడ అడిగితే చెప్పాలి."

వేళ్ల మీద లెక్కపెట్టాను. నాకు తెలిసింది ఆ బుధవారానికి తొమ్మిది రోజుల ముందు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా తొమ్మిదే. తేదీ రాసి చెరిపేశాను. మళ్లీ రాశాను. తేదీ చెబితే, మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని ఆ డ్రైవరు భార్య అడుగుతుంది కదా. ఆ డాక్టరమ్మ ఏం చెప్పగలదు పాపం? దానికీ నేనే జవాబు రాయాలి. పని ఒత్తిడి అని రాశాను, ఇంకోసారి సరిచూసుకుందామని ఆగానని రాశాను, రెండూ కొట్టేశాను. చివరికి తేదీ కింద నిజమే రాసి పంపాను.

ప్రొఫెసర్ని అవుదామని ఆగాను.