పొలిమేర తాడు

తప్పు మణిదే. విశాఖ రేవులో ఓడ దిగిన విదేశీయులను నర్సీపట్నం అవతల తన ఊరి అమ్మోరి జాతరకు తెచ్చింది గైడ్ మణే. మధ్యాహ్నానికి పొలిమేర కట్టేస్తారని తెలుసు. ఈలోగా బయటపడొచ్చనుకుంది. వాళ్ల ఫోటోల మోజులో ఆలస్యమైపోయింది.

ఊరి చివర వ్యాన్‌కి అడ్డంగా వేపమండల తాడు బిగించి ఉంది. పక్కనే కర్ర పట్టుకుని నిలబడ్డది ఆమె తండ్రి తాతబ్బాయి.

"నాన్నా, సాయంత్రం ఓడ ఎల్లిపోతాది. బేగి ఇప్పు."

"అమ్మోరు ఊరంతా తిరిగి గుడికి సేరీదాకా ఎవులూ దాటకూడదు."

"వ్యాన్లో ముసలావిడికి ఆయాసంగా ఉంది. మందులు ఓడలో ఉండిపోనాయి."

"మీ అమ్మ గుండెనొప్పితో గిలగిల్లాడిపోతేనే ఇప్పనేదు. ఈళ్లకి ఇప్పుతానేటే?"

అనేశాక తాతబ్బాయి నాలిక కరుచుకున్నాడు.

అమ్మ పోయిన ఆ జాతర నాడు ఆసుపత్రికి ఆటో దొరకలేదనే ఇన్నేళ్లూ మణికి ఆయన చెప్పుకొచ్చాడు.

వ్యాన్లోంచి ఎవరో ఆ పచ్చటి తాడును ముచ్చటపడి ఫోటో తీసుకుంటున్నారు. మణి వెళ్లి ముడి విప్పడం మొదలుపెట్టింది. తాతబ్బాయి చేతిలో కర్ర లేవలేదు.