మామ పేరు

మొదటి షిఫ్టుకు ప్రేమ్‌సాగర్ బండి మలుపు తిరగగానే, అతని తల్లి ఐలవ్వ గడప మీద కాళ్లు చాపుకొని కూర్చొని లోపలికి కేకేసేది.

"ఇస్తారీ, ఇటు రా."

గోడ మీది పటంలోంచి ఆమె మొగుడు ఇస్తారి దిగేవాడు. ప్లాస్టిక్ పూలదండను తప్పించుకొని, ఒక కాలు బీరువా మీద, ఇంకో కాలు కుర్చీ మీద ఆనించి, మెల్లగా నేల మీదికి వచ్చేవాడు. పోయి కొన్నేళ్లయింది కదా, మోకాళ్లు పట్టేశాయి. ఫోటో దిగిన నాటి తెల్ల చొక్కానే, మెడ దాకా గుండీలు పెట్టుకొని, చేతులు కట్టుకొని నిలబడేవాడు. ఐలవ్వకు పనేదీ తట్టకపోతే "ఏం లేదు, పో" అనేది. మళ్లీ కుర్చీ, బీరువా, పటం. దండ సర్దుకొనేలోపే మళ్లీ పిలిచేది. బియ్యంలో రాళ్లు ఏరించేది, కాళ్లు పట్టించుకొనేది, ఒక్కోసారి ఊరికే ఎండలో నిలబెట్టేది.

మందమర్రిలో ఆ క్వార్టర్ల వరుసలోని ఆడవాళ్లు ఎల్లిపాయలు ఒలుచుకుంటూ చూసేవాళ్లు. వాళ్లకు అందులో వింతేమీ కనిపించలేదు. న్యాయం కనిపించింది. బతికినన్నాళ్లూ ఇస్తారి బొగ్గుబాయి పని నుంచి వచ్చి పెళ్లాంతో బూట్లు విప్పించుకున్నవాడు. కూరలో ఉప్పు తగ్గితే నడుముకున్న బెల్టు తీసినవాడు. ఐలవ్వ వీపు మీద ఆ గీతలు ఇంకా ఉన్నాయి. అంత చేసినా ఆమె అతన్ని ఒక్కనాడూ పేరుతో తిట్టుకోలేకపోయింది. మొగుడి పేరు పలకకూడదు. "ఇగో" అనేది, "ఏమయ్యో" అనేది, కూతురు పుట్టాక "జ్యోతి బాపు" అనేది. ఆ పేరు ఆమె నోట్లో పంటి కింద రాయిలా ఉండిపోయింది.

దాన్ని బయటికి తీసింది కోడలు స్వరూప. పాపం అనాలో, చేసుకున్నది అనుభవించింది అనాలో మీ ఇష్టం.

స్వరూప సిరిసిల్ల పిల్ల, మరమగ్గాల సాంచెల చప్పుడులో పెరిగింది. ప్రేమ్‌సాగర్ ప్రేమించి చేసుకొచ్చాడు. అందుకని ఐలవ్వ కోడలు వండింది తినేది గానీ, బాగుందన్న మాట పొరపాటున కూడా అనేది కాదు. కోడలు ఎదురొస్తే ముఖం పక్కకు తిప్పుకొనేది. కడుపుతో ఉన్నప్పుడు స్వరూప మగపిల్లాడైతే శ్రావణ్ అని పెట్టుకుందామనుకుంది. ఎవరూ లేనప్పుడు పొట్ట మీద చెయ్యేసి ఆ పేరుతో పిలిస్తే లోపల వాడు తన్నేవాడు. మగపిల్లాడే పుట్టాడు.

తొట్టెలలో వేసిన నాడు ఇల్లంతా చుట్టాలే. మేనత్త జ్యోతిరాణి పిల్లవాడి చెవి దగ్గర వంగి, "వదినా, ఏం పేరు చెప్పాలె?" అని అడిగింది. స్వరూప నోటి దాకా శ్రావణ్ వచ్చింది. అప్పుడే ఆమె కళ్లు మూలన కూర్చున్న అత్త మీద పడ్డాయి. ఈ ముఖాన్ని ఒక్కసారి నవ్వించాలి, పదిమంది ముందు మంచి కోడలు అనిపించుకోవాలి అని ఒక పాడు ఆశ పుట్టింది. కోడలు మామ పేరు పలకకూడదు కాబట్టి, చెయ్యెత్తి గోడ మీది పటం చూపించింది.

"అబ్బ, బంగారమసొంటి కోడలు!" అన్నారు అందరూ. జ్యోతిరాణి ఏడ్చేసింది. ఐలవ్వ లేచి వచ్చి తొట్టెల పట్టుకొని నిలబడింది. ఇప్పుడది మనవడి పేరు. పలకొచ్చు. పెదవులు తడుపుకొని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అంది.

"ఇస్తారీ."

"ఆఁ" అంటూ పటంలోంచి ముసలాయన దిగాడు. జనం జరిగి చోటిచ్చారు. ఎవరో చాయ్ గ్లాసు అందించారు. ఐలవ్వ అతన్ని కిందినుంచి పైదాకా చూసి నవ్వింది, పళ్లన్నీ కనిపించేలా నవ్వింది. స్వరూప కోరుకున్నది ఆ నవ్వే. దొరికింది.

పేరు ఒకటి, మనుషులు ఇద్దరు. తొట్టెలలో పిల్లవాడు మొదట్లో పేరు వినబడితే కాళ్లాడించేవాడు. కానీ వాడు కదిలేలోపే "ఆఁ" అనే జవాబు పటంలోంచి వెళ్లిపోయేది. తాత పేరున్న కొడుకును అందరిలాగే, తండ్రిని పిలిచినట్టు, ప్రేమ్‌సాగర్ "బాపూ" అని పిలిచాడు. ముసలాయన దానికీ దిగొచ్చాడు. ప్రేమ్‌సాగర్ చెయ్యి తనకు తెలియకుండానే, ఒకప్పుడు తండ్రి కొట్టిన చెంప మీదికి పోయింది. ఆ తర్వాత అతను కొడుకును ఏమనీ పిలవలేదు. పిల్లవాడు కొన్నాళ్లు చూశాడు, తర్వాత ఏ పిలుపుకూ తల తిప్పడం మానేశాడు. శ్రావణ్ అన్నా తిరగలేదు. కడుపులో విన్నది వాడికి మాత్రం ఎక్కడ గుర్తుంటుంది?

పోలియో చుక్కల నాడు పేరు పిలిచారు, ముసలాయన వెళ్లి నోరు తెరిచాడు. అంగన్‌వాడీలో పేరు పిలిచారు, ముసలాయన వెళ్లి పిల్లల మధ్య గొంతుక్కూర్చొని కోడిగుడ్డు తిన్నాడు. స్వరూప టీచరమ్మ మీదికి పోయింది.

"ఆ గుడ్డు నా కొడుకుది, మేడం."

"పేరు పిలిచిన, వచ్చిండు, ఇచ్చిన" అంది టీచరమ్మ. "మీ పోరడు పలకకపోతే నేనేం జెయ్యాలె?"

మూడేళ్లు వచ్చినా పిల్లవాడికి మాట రాలేదు. పటం కింద గోడకు ఆనుకొని కూర్చొనేవాడు. ఏడ్చేవాడు కాదు, అడిగేవాడు కాదు. ఇంట్లోవాళ్లు వాడికి అన్నం పెట్టడం మర్చిపోయేవాళ్లు. ఒకరోజు స్వరూప ఊడుస్తూ ఊడుస్తూ పీటను జరిపినట్టు వాణ్ని పక్కకు జరిపి ఊడ్చింది. జరిపాక చూసుకుంది. చీపురు పడేసి, వాణ్ని ఒళ్లోకి లాక్కొని బోరున ఏడ్చింది. వాడు ఆమె ముక్కుపుడక వైపు చూస్తూ ఊరికే కూర్చున్నాడు.

పక్కింటి బాలవ్వ గోడ మీంచి చూసింది.

"ఏడిస్తె ఏమొస్తది బిడ్డా? ఒక్కసారి పేరు పెట్టి పిలువు. తల్లి నోట్లకెల్లి రాని పేరు పిల్లగానిదెట్లయితది?"

"మామ పేరు నా నోటికెట్ల వస్తది చిన్నమ్మా? పాపం తగలదా?"

"అయితే గట్లనే ఏడువు" అని బాలవ్వ లోపలికి పోయింది.

స్వరూప అత్త దగ్గరికే వెళ్లింది. ఐలవ్వ కాళ్లు చాపుకొని ఉంది, ఇస్తారి అరికాళ్లు వత్తుతున్నాడు.

"అత్తమ్మా, నీ కాళ్లు మొక్కుత. పొల్లగాని పేరు మారుద్దాం. పొరపాటయింది నాతోని."

"పేరు మారిస్తె ఈడు దిగుతడా మల్ల?" అని ఐలవ్వ బొటనవేలితో మొగుడి గడ్డం ఎత్తింది. ముసలాయన చూపు నేల మీదే ఉంది.

"నా కొడుకు మూగోడైతుండు అత్తమ్మా."

"ఈనితోని కాపురం జేసినన్ని ఏండ్లు నేను మూగదాన్నే. సచ్చిన్నా?" ఐలవ్వ గొంతు పెంచలేదు. "అయినా నిన్నెవలు సూపెట్టుమన్నరే గా పటాన్ని? నేను అడిగిన్నా?"

అడగని దానికి చెయ్యెత్తి చూపించింది తనే. ఆ చేతిని నరికేసుకోవాలనిపించింది ఆమెకు.

పిల్లవాడి పుట్టెంట్రుకలు కొండగట్టు అంజన్నకు మొక్కి ఉన్నాయి. అక్కడ దేవుడి ముందు వెంట్రుకలు తీస్తే వాడు తిరిగి మనిషిలో పడతాడని స్వరూప ఆశపడింది. మంగళవారం కావడంతో కొండ నిండా జనం. గుండ్లు చేసే చోట వరుస మెల్లగా కదులుతోంది. కోతులు కటకటాల మీద కూర్చొని కొబ్బరిచిప్పల కోసం చూస్తున్నాయి. ఐలవ్వ కొత్త చీర కట్టుకొని, కొడుకు భుజం పట్టుకొని వచ్చింది. స్వరూప పిల్లవాణ్ని చంకనెత్తుకుంది. మూడేళ్ల పిల్లవాడు బరువే లేడు.

వాళ్ల వంతు వచ్చింది. గుండు చేసే ఆయన కత్తి కడుగుతూ, "పేరు?" అన్నాడు.

"ఇస్తారి" అంది ఐలవ్వ, గర్వంగా.

ఎక్కడి మందమర్రి, ఎక్కడి కొండగట్టు! అయినా ముసలాయన వరుసలోంచి మనుషుల్ని తప్పించుకుంటూ రానే వచ్చాడు. తెల్ల చొక్కా విప్పి పక్కన పెట్టి, పీట ముందు కూర్చొని తల వంచాడు. గుండు చేసే ఆయన ఆ తల తడిపి కత్తి పెట్టాడు.

"అయ్యా, ఆయన గాదు, నా కొడుకు! వీడికి చెయ్యాలె!" అంటూ స్వరూప పిల్లవాణ్ని కిందికి దింపి ముందుకు నెట్టింది.

"ఒక్క పేరుకు ఒక్కటే టికెట్ తల్లీ. చూడు, సగమైపాయె" అన్నాడాయన, చెయ్యి ఆపకుండా.

ఐలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. ప్రేమ్‌సాగర్ కోతుల వైపు చూస్తున్నాడు.

చుక్కలు పోయాయి, గుడ్డు పోయింది, ఆఖరికి పుట్టెంట్రుకల మొక్కు కూడా ఆ ముసలాడి పాలే అయింది. స్వరూపకు ఒళ్లు మండిపోయింది. మామ అన్న జంకు, పాపమన్న భయం, ఇజ్జత్, అన్నీ ఆ మంటలో పోయాయి. కొండంతా వినబడేలా అరిచింది.

"ఇస్తారీ! పో! మల్ల రాకు!"

వరుసలోని ఆడవాళ్లు నోటి మీద చేతులు పెట్టుకున్నారు. ముసలాయన సగం గుండుతో లేచాడు. పొమ్మంటే పోవడం అతనికి అలవాటే. చొక్కా భుజాన వేసుకొని మెట్ల వైపు కదిలాడు.

అప్పుడు పిల్లవాడు తల తిప్పాడు.

తిప్పి, తల్లి ముఖంలోకి సూటిగా చూశాడు. తన పేరు తల్లి నోట వినడం వాడికి అదే మొదలు. చిన్న చిన్న పళ్లు కనిపించేలా నవ్వాడు. "ఆఁ" అన్నాడు. స్వరూప ప్రాణం లేచొచ్చింది. రెండు చేతులూ చాపింది. చాపాక గానీ తను ఏమన్నదో ఆమెకు తెలియలేదు.

వాడు బుద్ధిమంతుడు. తల్లి చెప్పినట్టే, వెళ్లి ముసలాయన వేలు పట్టుకున్నాడు. ఇద్దరూ మెట్లు దిగసాగారు.

"నిన్ను గాదు బిడ్డా! కన్నా! శ్రావణ్!" అంటూ స్వరూప పరిగెత్తింది. వాడికి ఏమాత్రం తెలియని పేర్లన్నీ పిలిచింది. తాత మనవణ్ని నడిపించుకుపోతున్నాడని జనం వాళ్లకు దారి ఇచ్చారు, వెంటనే మూసుకున్నారు. ఆమె కిందికి చేరేసరికి మెట్ల మీద ఎవరూ లేరు.

ఇంటికొచ్చి తలుపు తీస్తే పటంలో ఇద్దరున్నారు. ముసలాయన సగం గుండుతో కూర్చొని ఉన్నాడు, ఒళ్లో పిల్లవాడు. ఐలవ్వ ఒకసారి చూసి, దండ చిన్నదైందని, పెద్దది తేవాలని అంది. ఆ రోజు తర్వాత ఆమె మొగుణ్ని పిలవలేదు. ఆ పేరు కోడలు నలుగురిలో అరిచేసిందట, ఎంగిలైందట. ప్రేమ్‌సాగర్ షిఫ్టు మార్పించుకొని సాయంత్రాలు ఇంట్లో లేకుండా చూసుకున్నాడు.

స్వరూపకు మాత్రం ఇప్పుడు ఆ పేరు తప్ప ఇంకేదీ నోటికి రాదు. అన్నం కలిపి, కంచం పట్టుకొని, పటం ముందు నిలబడుతుంది.

"ఇస్తారీ, రా నాయినా. దా, బువ్వ తిందువు."

ముసలాయన దిగుతాడు. రాకు అన్న మాట అతనూ విన్నాడు గానీ, బతికుండగానే ఆడదాని మాట లెక్కపెట్టని మనిషి, చచ్చాక పెడతాడా? కంచం ముందు కూర్చొని తింటాడు. పిల్లవాడు దిగడు. తల్లి తనను పేరు పెట్టి పిలిచి చెప్పిన మాట ఒక్కటే, మల్ల రాకు అని. దాన్ని వాడు తప్పడు. ఖాళీ అయిన పటంలో ఒక్కడే కూర్చొని, తల్లిని చూసి నవ్వుతూ, రానని తల అడ్డంగా ఊపుతాడు. కాసేపటికి వాడి నవ్వు తగ్గుతుంది. వెనక ఆనుకోవడానికి ఎవరూ లేక, అటూ ఇటూ చూస్తాడు. పెదవి వణుకుతుంది.

ముసలాయన మాత్రం నిదానంగా తింటాడు, మళ్లీ పెట్టించుకుంటాడు. స్వరూప చూడగలిగినంతసేపు చూస్తుంది.

"ఇస్తారీ, పో" అంటుంది చివరికి. "పొల్లగాడు ఒక్కడున్నడు. జల్ది పో."

అతను చెయ్యి కడుక్కొని, కుర్చీ మీద కాలు పెట్టి, బీరువా ఎక్కి, పటంలోకి పోతాడు. పిల్లవాడు అతని ఛాతీకి ఆనుకొని కళ్లు మూసుకుంటాడు. స్వరూప కంచం తీసి ఆ చోటు తుడుస్తుంది.