పదహారో వచనం

మా చర్చి క్రిస్మస్ నాటకంలో బైబిలు వాక్యంలో లేనిది ఒక్కటీ ఉండకూడదని నా పట్టుదల. నేను రిటైరైన టీచర్ని, పేరు హెబ్రోను. చాదస్తమనుకోండి, ఫరవాలేదు. మరియమ్మ గాడిదెక్కి వచ్చిందని సువార్తలో ఎక్కడుంది? తీసేశాను. తలుపేసుకున్న సత్రం యజమానినీ తీసేశాను. జ్ఞానులు ముగ్గురని ఎవరు లెక్కపెట్టారు? కానుకలే మూడు. రాజులని కూడా లేదు కాబట్టి కిరీటాలు పీకేసి తలపాగాలు చుట్టించాను. మా పాలెంలో వేషం కట్టాలని ఆశపడ్డ ఏడుగురు పిల్లల్నీ జ్ఞానుల్ని చేస్తే ఏడుగురు తల్లులూ సంతోషించారు.

ఆ తలపాగాలూ అంగీలూ కుట్టింది రోజారమణి. బట్టలు అప్పగిస్తూ అడిగింది.

"లేనివన్నీ తీసేసినారు గదా మాస్టారూ. ఉండేది ఎందుకు పెట్టలా?"

"ఏందమ్మా పెట్టంది?"

"పుట్టిన బాలుడు దొరకలేదని హేరోదు రాజు రెండేళ్ల లోపు మగబిడ్డల్ని చంపించినాడు గదా. పదహారో వచనం. ఆ తల్లుల్లో ఒకదాన్నిగా నేను కూర్చుంటా. మాటలేం వద్దు."

ఎందుకు అడుగుతోందో నాకు తెలుసు. జూన్‌లో రొయ్యల చెరువుల ఆసామి నరేంద్రబాబు లారీ వెనక్కి వస్తూ ఆమె రెండేళ్ల కొడుకును తొక్కేసింది. నడిపినవాడికి లైసెన్సు లేదు. కేసు వద్దని సంఘ పెద్దలం ఆరుగురం కూర్చుని ఆమె మొగుడి చేత రాజీ కాగితం మీద సంతకం పెట్టించాం. ఆమెను ఎవరూ అడగలేదు. ఏటా మా క్రిస్మస్ ఖర్చు భరించి కేకు కోసేది నరేంద్రబాబే.

"పండగ పూట ఏడుపెందుకు తల్లీ" అన్నాను. వాక్యం, వాక్యం అని గొంతు చించుకునే నేనే ఆ మాట అన్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

క్రిస్మస్ సాయంత్రం హేరోదు వేషం కట్టిన రాజ్ కుమార్ కడుపుకు దిండు కట్టుకుని, కత్తి తిప్పుతూ వీరంగం వేశాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. అతను లోపలికి పోగానే దేవదూతల డాన్సు రావాలి. రోజారమణి వచ్చింది. తన పిల్లాడి చొక్కా ఒకటి ఒళ్లో పెట్టుకుని స్టేజీ మధ్యలో కూర్చుంది. ఇదీ నాటకమే అనుకుని కొందరు నవ్వబోయారు. ఆమె ఏడుపు విని ఆగిపోయారు.

పాస్టరమ్మ పైకెక్కి భుజం పట్టుకుంది. "లేమ్మా, దేవుడే ఓదారుస్తాడు." రోజారమణి ఆ చెయ్యి తోసేసింది.

మైకు నా చేతిలో ఉంది. ముందు కుర్చీలో నరేంద్రబాబు వాచీ చూసుకుంటున్నాడు. అది చూసి నాకు ఒళ్లు మండింది. బైబిలు తెరిచి చదివాను. హేరోదు పంపిన మనుషులు, చచ్చిపోయిన పిల్లలు, ఎవరు ఓదార్చినా వద్దన్న తల్లి. "వదిలేయండమ్మా, ఆమెకు ఓదార్పు వద్దనే రాసుంది" అన్నాను పాస్టరమ్మతో. ఏదో ఘనకార్యం చేసినట్టు గుండె తేలికపడింది.

రోజారమణి తలెత్తింది.

"హేరోదు సంగతి చదివినారు, మంచిది. ఆ రాజీ కాగితంలో పెద్దల పేర్లు గూడా చదవండి మాస్టారూ."

కాగితం నా దగ్గర లేదు. అవసరమూ లేదు, రాసింది నేనే.

"హెబ్రోను" అన్నాను మైకులో. మిగతా అయిదుగురు పెద్దలూ ముందు వరసలోంచి నా వైపే చూస్తున్నారు. రెండో పేరు నా నోట రాలేదు.

ఆమె చొక్కా ఒళ్లో పెట్టుకుని ఇంకా వింటూనే ఉంది.