వాసన వెయ్యని సబ్బులు

"ఇంట్లో చేసినవే కదా, ఓ పదిహేను కట్టి పెట్టు" అన్నారు మా ఆయన, బూటు లేసు ముడి వేసుకుంటూ.

సబ్బుల సంగతి. కట్టడమంటే ఒక్కోదానికి గోధుమరంగు కాగితం చుట్టి, జనపనార తాడు బిగించి, తాడులోకి ఎండిన పువ్వొకటి దూర్చడం. వాళ్ల ఆఫీసులో ఇప్పుడు ఇలాంటివే ఇచ్చుకుంటున్నారట. మెరిసే కాగితాలూ, ఫ్యాక్టరీ సరుకూ పాతబడ్డాయి. మన చుట్టుపక్కల మనుషులు చేత్తో చేసినవి, రసాయనాల రంగులు కలపనివి కొనిస్తే ఇచ్చినవాళ్ల అభిరుచి తెలుస్తుందట. "చేతిపని చేసుకునేవాళ్లని మనమే నిలబెట్టాలి సార్" అని ఆయన ఫోన్లో చెబుతుంటే నేను పక్కనే ఆయన చొక్కాలు మడత పెడుతున్నాను. పోయినేడాది వాళ్ల మేనేజరు గృహప్రవేశానికి మట్టికూజా కొనుక్కురమ్మన్నారు. బేరమాడొద్దన్నారు. చేత్తో చేసింది కదా, ఎంత శ్రమో పాపం అన్నారు. ఆ కూజాని ఒళ్లో పెట్టుకుని బస్సులో మోసుకొచ్చింది నేనే. ఇంట్లో ఎవరికి ఏ కానుక ఇవ్వాలన్నా కొనుక్కొచ్చే పని నాది, ఇచ్చే చెయ్యి ఆయనది.

నా సబ్బులకి మాత్రం శ్రమ అనే మాట ఎప్పుడూ రాలేదు. "కాలక్షేపం" అంటారు మా అత్తయ్య. "మా వదినకి చేతులు ఊరుకోవు" అంటుంది మా ఆడపడుచు, వచ్చినప్పుడల్లా సంచీ నింపుకుంటూ. వంటిల్లు సర్దేశాక, అందరూ టీవీ ముందు చేరాక, కిటికీ తలుపులు బార్లా తెరిచి, చేతులకి తొడుగులేసుకుని, నీళ్లలో కాస్టిక్ సోడా కరిగిస్తాను. ఆవిరి కళ్లలోకి కొడుతుంది. నూనెలు వెచ్చబెట్టి అందులో ఇది పోసి, పెరుగులా చిక్కబడేదాకా కలుపుతాను. బాదంనూనె పొద్దున్నే మిగతా నూనెల్లో కొలిచి పోసి ఉంచుకుంటాను, నిమ్మగడ్డి నూనె మాత్రం ఆఖర్న కొంచెం. అచ్చులో పోసి పాత తువ్వాలు కప్పి పడుకోబెడతాను. మర్నాడు కోస్తాను. కోశాక నెలరోజులు ఆరాలి, లేకపోతే చర్మం మండుతుంది. ఈ నెలరోజుల సంగతి మా ఇంట్లో ఎవరికీ ఎక్కదు. "రేపటికి ఓ నాలుగు చేసెయ్యరాదూ" అంటారు, అట్లు పొయ్యమన్నట్టు.

ఇదంతా నేనెందుకు మొదలుపెట్టానంటే ఆ నిమ్మగడ్డి నూనె కోసం. మూత తిప్పగానే ముక్కులోంచి నేరుగా మెదడులోకి ఎక్కేది. రోజంతటిలో ఇంకెవరి కోసమూ కాక, నాకోసమే ఉన్న వస్తువు అదొక్కటే.

చలికాలంలో జ్వరమొచ్చింది. తగ్గాక వాసన పోయింది. పోయిందని నాకు వెంటనే తెలియలేదు. పొయ్యి మీద పాలు మాడుతుంటే దాని ముందే నిలబడి గిన్నెలు తోముతున్నాను. అత్తయ్య హాల్లోంచి పరుగెత్తుకొచ్చారు.

"ఇల్లంతా కంపు కొడుతోంటే అక్కడే నిలబడి ఉన్నావా? ముక్కు పుట్టింట్లో వదిలేసి వచ్చావా ఏంటి?"

గిన్నె అడుగున నల్లటి పెచ్చు. ముఖం దగ్గర పెట్టుకుని చూశాను. ఏమీ లేదు. ఆ రాత్రి మా ఆయనకి చెప్పాను, "నాకు వాసనలు తెలియడం లేదండీ" అని.

"అదృష్టవంతురాలివి. మా ఆఫీసు లిఫ్టు ఎక్కేటప్పుడు నాకుండాలి ఆ వరం" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ విషయం అంతటితో అయిపోయింది. వారం తర్వాత మళ్లీ చెప్తే, "ఇంకా తగ్గలేదా? అదే వస్తుందిలే" అన్నారు ఫోన్లోంచి తలెత్తకుండా. డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లాను. వస్తే రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు. ఇంట్లో గ్యాసు లీకైనా తెలియదు, మీవాళ్లకి చెప్పి జాగ్రత్తగా ఉండమన్నాడు. తలూపాను. చెప్పడం ఎప్పుడో అయిపోయింది కదా.

దాంతోపాటు మిగతావి కూడా ఒక్కొక్కటే జారిపోయాయి. అన్నం వేళయింది కాబట్టి తింటున్నాను. బట్టలు వాసనొస్తున్నాయో లేదో తెలియక అన్నీ ఉతికేస్తున్నాను. కూరల్లో ఉప్పు కొలిచి వేస్తున్నాను, రుచి చూస్తే తెలియదు కనక. "ఈమధ్య వంట బాగా కుదురుతోంది" అన్నారు అత్తయ్య. బాధగా ఉందా అంటే, లేదు. కోపమా అంటే, అదీ లేదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు గిల్లుకుంటే వేరెవరి కాలో గిల్లినట్టుంటుందే, అలా ఉంది.

సబ్బులు మాత్రం ఆపలేదు. చేతులకి కొలతలు వచ్చు. ఒక్కటే ఇబ్బంది. బాదంనూనె, నిమ్మగడ్డి నూనె రెండూ ఒకేరకం ముదురురంగు సీసాల్లో ఉంటాయి. జిడ్డుకి చీటీలు ఎప్పుడో ఊడిపోయాయి. ఇదివరకు మూత తీస్తే చాలు, ఏది ఏదో తెలిసేది. అందుకని నిమ్మగడ్డి సీసా మెడకి ఒక రబ్బరు బ్యాండు వేసి ఉంచాను.

కిందటిసారి సబ్బులు చేసి, మర్నాడు కోస్తుంటే మణికట్టు మీద ఎర్రగా కనిపించింది. సోడా చుక్క పడినట్టుంది. కడుక్కుని, చల్లగా ఉంటుందని బాదంనూనె రాసుకున్నాను, రబ్బరు బ్యాండు లేని సీసాలోంచి. భగ్గున మండింది. బాదంనూనె మండదు. సీసా వెలుతురుకి పెట్టి చూశాను, ముక్కు దగ్గర పెట్టుకున్నాను, ఏం లాభం. రెండో సీసాలోది ఒక చుక్క రాసి చూశాను. చల్లగా ఉంది.

"అత్తయ్యా, గూట్లో సీసాకున్న రబ్బరు బ్యాండు తీశారా?"

"నిన్న మధ్యాహ్నం కొత్తిమీర కట్టకి తీశాను. అది అవగొట్టాక మళ్లీ సీసాకే వేసేశాను కదమ్మా. నీ సరుకు నాకెందుకు?"

వేశారు. పక్క సీసాకి.

అంటే పొద్దున బ్యాండు లేని సీసాలోంచి, రాత్రి బ్యాండున్న సీసాలోంచి, నేను రెండుసార్లూ బాదంనూనే పోశాను. పళ్లెం నిండా పసుపుపచ్చటి సబ్బులు, చూడ్డానికి ఎప్పటిలాగే ఉన్నాయి. ఒక్కదానికీ వాసన లేదు. నాకైతే ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఇంట్లో వాళ్లకి చెబుదామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. సరే, ఎవరు ముందు కనిపెడతారో చూద్దాం అనిపించింది. అవి నెలరోజులూ హాల్లో అలమారు మీదే ఆరాయి.

మా ఆయన కట్టి పెట్టమన్న పదిహేనూ అందులోవే. కాగితం చుట్టాను, తాడు బిగించాను, పువ్వు దూర్చాను. ఆయన ఒకటి తీసి ముక్కుకి మూరెడు దూరంలోంచే, "ఆహా! గుమగుమలాడిపోతున్నాయి" అన్నారు. అత్తయ్య స్నానాల గదిలో కొత్తది పెట్టాను. "తలుపు తీస్తే చాలు, గుప్పుమంటోంది" అన్నారు. ఆడపడుచు ఫోన్ చేసింది, "వదినా, మొన్న నీ దగ్గర తెచ్చినవాటిలో మా పక్కింటావిడకి ఒకటిచ్చాను. బీరువాలో చీరల మధ్య పెట్టుకుందట. అంత మంచి వాసనట!" వారం తిరక్కుండా మా ఆయన ఇంకో కబురు తెచ్చారు. మేనేజరు భార్య తెగ మెచ్చుకుందట, ఈ వాసన ఎక్కడా దొరకదు అందట.

నేను నవ్వలేదు. ఏడవనూ లేదు. ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే వాసన పోగొట్టుకున్నాననుకున్నాను.

మట్టికూజా కొన్న దుకాణం బస్సు స్టాపు వెనక వీధిలో ఉంది. తెరిచింది నా వయసావిడ. చుట్టుపక్కల మనుషులు చేసినవి తప్ప ఇంకేమీ పెట్టదు. చెక్క గరిటెలు, అల్లిన బుట్టలు, తేనె, మైనం దీపాలు. ఆవిడకొక పద్ధతుంది. ఏదైనా సరే, కొనేవాళ్ల చేతిలో పెట్టి వాళ్లు తాకి, తిప్పి చూసేదాకా కట్టదు. తేనె అయితే నాలిక మీద వేస్తుంది. "కొనేముందు చూసుకోండి. ఇచ్చేది మీరు కదా, ఏమిస్తున్నారో మీకు తెలియాలి" అంటుంది. తొందరలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. అయినా వదలదు. కూజా కొన్న రోజు మాటల్లో నా సబ్బుల గురించి చెబితే, "తీసుకురండి, ఒక అర ఖాళీ చేస్తాను, మీ పేరు రాసి పెడతాను" అంది. ఇంటికొచ్చి చెప్పాను. "అమ్ముకునే ఖర్మేంటి మనకి?" అన్నారు మా ఆయన. "నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారు అత్తయ్య. ఆ మాట అక్కడే ఆగిపోయింది.

మొన్న సంచీలో ఒక సబ్బు వేసుకుని ఆ దుకాణానికి వెళ్లాను. అమ్మడానికి కాదు. ఎందుకో నాకే సరిగ్గా తెలియదు. ఆవిడ కాగితం విప్పింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తిప్పి రెండో వైపు చూసింది. కళ్లు మూసుకుని మళ్లీ వాసన చూసింది.

"దీనికి వాసన లేదండీ. కావాలనే వెయ్యలేదా, మర్చిపోయారా?"

పక్కనే ఉన్న ముక్కాలి పీట మీద కూర్చున్నాను. ఆవిడ మంచినీళ్లిచ్చింది.

"సీసాలు మారిపోయాయి" అన్నాను. "నాకు వాసన తెలియదు. జ్వరమొచ్చి పోయింది."

"అయ్యో! అసలేమీ తెలియదా? తిండి ఎలా తింటున్నారు మరి?"

ఆ ప్రశ్న నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు కానీ, తిమ్మిరెక్కిన కాల్లో మళ్లీ రక్తం పారినట్టు చిన్నగా నొప్పి పుట్టింది. ఇన్ని నెలల్లో ఒక నొప్పి నాదే అనిపించడం అదే మొదలు. దాన్ని అలాగే ఉంచుకుని నీళ్లు తాగాను.

ఆవిడ జాలి మాటలేమీ చెప్పలేదు. సబ్బు తడిపి చేతికి రుద్దుకుంది. "నురగ బాగుంది. పసిపిల్లలకి, ఒంటికి సెంట్లు పడనివాళ్లకి వాసన లేనివే అడుగుతారు. ఇలాంటివి మిగిలితే తీసుకురండి, వాసన లేదని చెప్పే అమ్ముతాను" అంది. "వాసనవి చేసినప్పుడు కూడా తెండి. ముక్కు నాది, చెయ్యి మీది" అంది, ధర చీటీలు అంటించుకుంటూ.

ఇంట్లో మిగిలినవి ఇరవైదాకా ఉన్నాయి. కాగితాలు చుట్టలేదు, పువ్వులు దూర్చలేదు. మర్నాడు పొద్దున్నే, అత్తయ్య పూజగదిలో ఉండగా, తువ్వాల్లో మూటగట్టి తీసుకెళ్లి అప్పజెప్పాను. "పేరేం రాయమంటారు?" అని అడిగింది. చెప్పాను. నా పేరు పైకి నేనే చెప్పుకుని చాలా రోజులైంది. ఆవిడ దాన్ని చిన్న చెక్కపలక మీద రాసి అరకి తగిలించింది.

సాయంత్రం మా ఆయన మంచి హుషారుగా వచ్చారు. చెప్పులు విడుస్తూనే అందుకున్నారు.

"మేనేజరుగారికి బదిలీ అయింది. ఎల్లుండి వీడ్కోలు విందు. వాళ్లావిడ స్పెషల్‌గా అడిగిందట, పోయినసారి ఇచ్చినవే కావాలని. అదే వాసన ఉండాలట. మంచిగా ఒక బుట్టలో సర్దు. ఇంకో పది ఉన్నాయిగా?"

"లేవండీ."

"అదేంటి, అలమారు నిండా ఉండేవి?"

"దుకాణంలో ఇచ్చేశాను. బస్సు స్టాపు వెనకాల. కూజా కొనుక్కొచ్చాను చూడండి, అక్కడ."

అత్తయ్య హాల్లో టీవీ శబ్దం తగ్గించారు. ఆయన అరుస్తారనుకున్నాను. నవ్వడానికి ప్రయత్నించారు.

"బాగుంది! మనింటి సబ్బు మనం కొనుక్కోవాలా?"

"చేతిపని చేసుకునేవాళ్లని నిలబెట్టాలన్నారుగా."

"వేళాకోళాలొద్దు. రేపు వెళ్లి వెనక్కి తెచ్చెయ్. ఆవిడకి ఆ వాసనే కావాలి."

గిన్నెలు తుడుస్తున్నాను. చేతిలో ఉన్నది తుడిచి బోర్లించాను. నా మాట నాకే మామూలుగా వినిపించింది, ఉప్పు డబ్బా ఎక్కడుందో చెబుతున్నట్టు.

"నేను తేను. కావాలంటే మీరే వెళ్లి కొనుక్కోండి. కాకపోతే ఆ దుకాణంలో ఒక పద్ధతుంది. కొనేముందు ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తేగానీ ఇవ్వదావిడ. చూడండి, ఒక్కసారి."