తిరగబడిన అట్ట

అన్నంలో రాయి తగిలిందని మా ఆయన కంచం పక్కకు నెట్టాడు.

"కళ్ళు నెత్తికెక్కాయా?"

"మా కాలంలో బుడ్డిదీపం ముందు ఏరేవాళ్ళం. ఎవరి పంటికిందా రాయి పడలేదు" అంది అత్తయ్య.

చాటలో నాకు రాయీ గింజా ఒకే తెలుపు. ఏడాదిగా అంతే. కళ్ళజోడు అడిగితే, "నువ్వేమన్నా పేపరు చదువుతావా? జోడుతో వెళ్తే ముసలిదైపోయిందని మిషను మీంచి లేపేస్తారు" అన్నాడు, తన జోడు చొక్కా అంచుతో తుడుచుకుంటూ. అది ఆయనకు మూడోది. లేపేస్తారన్న మాట అబద్ధమూ కాదు. నేను బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేదాన్ని. చూపు తగ్గినవాళ్ళకు అక్కడ చీపురిస్తారు, సగం జీతానికి. అందుకే వేళ్ళతో తడుముకుంటూ కుట్టేదాన్ని. పక్క మిషను అక్క రోజూ, నేను అడక్కుండానే, నా సూదికీ దారం ఎక్కించి పోయేది. పోయిన నెల ఆ సూది నా చూపుడువేల్లో దిగింది. బట్టకు నెత్తురంటకుండా ముందు చెయ్యి లాక్కున్నాను. వేలి సంగతి తరవాత.

ఫ్యాక్టరీలో కంటి పరీక్షలు పెట్టినప్పుడు ఆ అక్కే ముందు వెళ్ళొచ్చి, అట్ట మీది అక్షరాలన్నీ చెప్పింది. ఎక్కంలా బట్టీపట్టాను.

"గోడ మీద అట్ట చదువమ్మా" అంది నర్సు, రిజిస్టరులో రాసుకుంటూ.

చివరి వరస దాకా గడగడా చదివేశాను. ఆమె తలెత్తింది. గోడకేసి, నాకేసి చూసింది. లేచి తలుపు దగ్గరగా వేసింది.

"ఫ్యాను గాలికి అట్ట తిరగబడిందమ్మా. నీ ఎదురుగా ఉన్నది వట్టి తెల్లట్ట" అంది మెల్లగా. "ఏం రాయమంటావు? నేను చూడలేదనుకుంటాలే."

ఏం కావాలని నన్నొకరు అడిగి ఎన్నేళ్ళయిందో. సరే అనబోతూ, ఊరికే వేలు తడుముకున్నాను. సూది దిగినప్పుడు ఊడిన గోరు ఇంకా రాలేదు.

"ఉన్నదే రాయండి. జోడు నంబరు వేరే చీటీ మీద నాకివ్వండి."

సాయంత్రానికల్లా మిషను పోయింది, చేతికి చీపురొచ్చింది. వచ్చే మొదటి సగం జీతం జోడుకే అని దారిలో అనుకున్నాను.

ఇంట్లో ఆయన పేపరు చదువుతున్నాడు. బియ్యం పోసిన చాట తెచ్చి ఆ పేపరు మీదే పెట్టాను.

"ఈ ఇంట్లో జోడున్నది మీకే. నాది వచ్చేదాకా మీరే ఏరండి."